బుడమేరు వరదలో తడిసి కాలిపోయిన కెమికల్ స్టాకు, క్లెయిమ్ మొత్తం కొట్టేస్తే ఏం చెయ్యాలి

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. నాకు అర్థమైంది ఇదీ. సింగ్‌నగర్ దాటాక నున్న రోడ్డులో మీ గోడౌన్, 2024 సెప్టెంబర్ 1 ఆదివారం తెల్లారేసరికి బుడమేరు నీళ్ళు లోపలికొచ్చేశాయి, సోమవారం రాత్రి ఆ నీళ్ళలోనే హైడ్రోస్ అనే అద్దకపు కెమికల్ డ్రమ్ముల దగ్గర పొగ లేచి మంటంటుకుంది, ఫైరింజన్ వచ్చే దారి లేదు. మొత్తం 38 లక్షలకి క్లెయిమ్ వేశారు, అందులో బ్లీచింగ్ పౌడర్ 19 లక్షలు, కాస్టిక్ సోడా ఫ్లేక్స్ 8, హైడ్రోస్ 5, సోడా యాష్, పటిక లాంటివి ఇంకో 6. పోయిన నెల కంపెనీ లెటర్ పంపి మొత్తం కొట్టేసింది. సరుకు తనంతట తానే వేడెక్కి కాలింది కాబట్టి పాలసీలో రాదన్నది ఒక కారణం, పాలసీ కోసం ఇచ్చే ప్రపోజల్ ఫారంలో మామూలు గోడౌన్ అని రాసి ప్రమాదకరమైన కెమికల్స్ పెట్టారన్నది రెండోది. పోరాడితే వస్తుందా, వదిలేసుకోవాలా అని అడిగారు.

వదలకండి. నేను గుంటూరులో ఉంటూ 26 ఏళ్ళు లాస్ సర్వేయర్‌గా, అంటే నష్టం లెక్కగట్టే పని చేశా, మిర్చి కోల్డ్ స్టోరేజీలు, జిన్నింగ్ మిల్లులు, బెజవాడ ఆటోనగర్ గోడౌన్లు చాలా చూశా, కంపెనీలకి రిపోర్టులు రాసినవాణ్ణి కాబట్టి అవతలివాళ్ళు కాగితాన్ని ఎలా చూస్తారో నాకు తెలుసు. మీ కేసులో గొడవంతా ఒక్క దాని మీద ఉంది, ముందు నీళ్ళొచ్చాయా ముందు వేడి పుట్టిందా. అది తేలితే మిగతా ముడులు వాటంతటవే వదులవుతాయి. మీ దగ్గర దానికి మంచి సాక్ష్యం ఉంది, మీరు దాన్ని తప్పనుకుని దాచిపెడుతున్నారు, అక్కడికొస్తా.

ముందు పాలసీ కాగితం తీసి పైన పేరేం రాసుందో చూడండి. ఇది చిన్న విషయం కాదు. మీ సమ్ ఇన్సూర్డ్, అంటే ఇన్సూరెన్స్ చేసిన మొత్తం, 52 లక్షలన్నారు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఒక చోట మొత్తం విలువ 5 కోట్ల లోపు ఉండే వ్యాపారాలకి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని కొత్త పాలసీ వచ్చింది, 5 నుంచి 50 కోట్ల దాకా అయితే భారత్ లఘు ఉద్యమ్ సురక్ష. అంతకుముందు అందరికీ ఉన్నది స్టాండర్డ్ ఫైర్ అండ్ స్పెషల్ పెరిల్స్ పాలసీ. ఆ పాత పాలసీలో ఫైర్ అనే పెరిల్ (పాలసీ కవర్ చేసే ప్రమాదం) కిందే మినహాయింపు ఉంటుంది, సరుకు తనంతట తాను పులిసిపోవడం వల్లో, సహజంగా వేడెక్కడం వల్లో, స్పాంటేనియస్ కంబషన్ (తనంతట తానే అంటుకోవడం) వల్లో పోతే ఇవ్వం, కావాలంటే అదనపు ప్రీమియం కట్టి యాడ్ ఆన్ తీసుకోవాలి అని. మీకొచ్చిన లెటర్‌లో వాడిన మాటలు అచ్చం అవే. కానీ సూక్ష్మ ఉద్యమ్ పాలసీలో మొదటి పెరిల్ చదివితే రివర్స్‌లో ఉంటుంది, ఆ మూడు కారణాల వల్ల వచ్చిన మంట కూడా కలిపే కవర్ అని రాసుంటుంది. మీది ఆ పాలసీయే అయితే లెటర్‌లో మొదటి కారణం మీ పాలసీలో లేని మినహాయింపు మీద నిలబడిందన్నమాట. పాత లెటర్ల భాష ఎత్తి కొత్త పాలసీలకి రాసెయ్యడం నేను కళ్ళారా చూశా. అందుకే ముందు పేరు, తర్వాత మొదటి పేజీల్లో ఫైర్ పెరిల్ లైను, మీరే ఒక్కో మాటా వేలు పెట్టి చదవండి, ఏజెంట్ చెప్పింది వినొద్దు.

ఒకవేళ పాత రకం పాలసీ అయినా భయపడనక్కర్లేదు, అప్పుడు వాదన కొంచెం పొడుగవుతుంది, అంతే.

హైడ్రోస్ అంటే సోడియం హైడ్రోసల్ఫైట్, అద్దకం వాళ్ళు వాట్ రంగులకి వాడేది, బెల్లం తెల్లబడ్డానికి కొందరు కలిపేదీ ఇదే. పొడిగా, మూత గట్టిగా బిగించి ఉంచితే కదలకుండా ఉంటుంది. దానికి శత్రువు తడి, అందులోనూ కొంచెం తడి. చాలామందికి తెలియని సంగతి ఏంటంటే నిండా మునిగిన డ్రమ్ము కరిగి నీళ్ళలో కలిసిపోతుంది, ఎందుకంటే అంత నీళ్ళు వేడిని లాగేసుకుంటాయి, అదే అడుగు మాత్రం తడిసి పైనంతా పొడిగా ఉన్న డ్రమ్ములో వేడి బయటికి పోయే దారి లేక లోపలే పెరిగి పెరిగి, ముక్కు మండిపోయే గంధకపు ఘాటు వదులుతూ, చివరికి అంటుకుంటుంది. మీరు రాసిన లెక్క చూడండి, డ్రమ్ము ఎత్తు రెండడుగులు, రెండు వరసలు పేర్చారు, నీళ్ళు రెండున్నర మూడడుగులు నిలిచాయి. అంటే కింది వరస నిండా మునిగింది, పై వరసకి అడుగు మాత్రం తడిసింది. కాలింది పై వరసే అని మీరే రాశారు. ఇది సరుకు గుణం వల్ల జరిగిందా నీళ్ళ వల్ల జరిగిందా అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

మీరు పంపిన ఫోటోల్లో ఒకటి నేను చాలాసేపు చూశా. నీలం డ్రమ్ము, పక్కకి ఒరిగిపోయింది. అడుగు నుంచి ఒక జానెడు మేర నీలం పెయింటు చెక్కుచెదరకుండా ఉంది, దాని పైన గీత గీసినట్టు పొక్కులు మొదలై పైకి పోయేకొద్దీ రేకు నల్లబడింది, మూత బయటికి ఉబ్బి రింగు ఒక పక్క ఊడింది. ఆ జానెడు మేర ఎందుకు కాలలేదు? ఆ టైముకి అక్కడిదాకా బయట నీళ్ళున్నాయి కాబట్టి, నీళ్ళు రేకుని చల్లగా ఉంచాయి. అంటే మంట వచ్చేటప్పటికి డ్రమ్ము నీళ్ళలో నిలబడే ఉంది, ఇది వరదకి ముందు వచ్చిన మంట కాదు, వరద తీశాక వచ్చిందీ కాదు. మూత బయటికి ఉబ్బిందంటే వేడి లోపల పుట్టింది, పక్క మంట వచ్చి అంటుకోలేదు. ఈ ఫోటో ఒరిజినల్ ఫైలు ఏ ఫోనులో తీశారో ఆ ఫోనులోనే ఉంచండి, వాట్సాప్‌లో పంపితే తేదీ టైము వివరాలు పోతాయి. ఆ డ్రమ్ము ఇంకా ఉంటే తుక్కు వాళ్ళకి ఇవ్వొద్దు, పట్టా కప్పి పక్కన పెట్టండి.

ఇప్పుడు ఆ ఆరు డ్రమ్ముల సంగతి. అయిదడుగుల ఎత్తు ఇనుప ర్యాకు మీద అదే బ్యాచ్ హైడ్రోస్ డ్రమ్ములు ఆరు మిగిలాయని, వాటిని అక్టోబర్‌లో మంగళగిరి అద్దకం వాళ్ళకి అమ్మేశామని, ఈ మాట కంపెనీకి తెలిస్తే సాల్వేజ్ (నష్టంలో మిగిలిన సరుకు) దాచామంటారేమోనని భయంగా ఉందని రాశారు. అయ్యా, మీ కేసుకి ప్రాణం అవే! ఒకే ఫ్యాక్టరీ, ఒకే బ్యాచ్, ఒకే గోడౌన్, ఒకే ఎండా ఒకే ఉక్కా. తడి తగిలినవి కాలాయి, తగలనివి ఆరూ బాగున్నాయి. సరుకు తనంతట తానే వేడెక్కే గుణంతో కాలిపోయి ఉంటే పైనున్నవి కూడా వేడెక్కాలి కదా, అసలు పైనే వేడి ఎక్కువ. పైగా ఆ అద్దకం వాళ్ళు దాన్ని వాడారు. వేడెక్కి చెడిన హైడ్రోస్‌లో పస ఉండదు, తొట్టిలో వేస్తే వాట్ రంగు విరగదు, నూలుకి పట్టదు, అద్దకం చేసే ఎవరినడిగినా చెప్తారు. మీ కస్టమర్ దగ్గరికెళ్ళి సరుకు బాగా పనిచేసింది, రంగు సరిగ్గా పట్టింది అని ఒక లెటర్ హెడ్ మీద రాయించుకోండి, బ్యాచ్ నంబరు పడిన జీఎస్టీ ఇన్వాయిస్ జత చెయ్యండి. డబ్బాల అడుగున మిగిలిందేమైనా ఉంటే ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో ప్యూరిటీ టెస్టుకివ్వండి. ఇక ఆ ఆరు డ్రమ్ములు మీ 38 లక్షల లెక్కలో కలిపారా లేదా అని వెంటనే సరి చూసుకోండి, కలిపి ఉంటే మీరే ముందు లెటర్ రాసి ఆ మొత్తం తగ్గించండి. వాళ్ళు పట్టుకునేదాకా ఆగితే అది ఫ్రాడ్ కండిషన్ కిందికి పోతుంది, మొత్తం క్లెయిమ్ పోతుంది. ఈ ఒక్క విషయంలో ఆలస్యం చెయ్యొద్దని గట్టిగా చెప్తున్నా.

చట్టం కూడా మీ వైపే మాట్లాడుతుంది. 2009లో సుప్రీంకోర్టు జువారి ఇండస్ట్రీస్ కేసు ఉంది, గోవాలో ఫ్యాక్టరీ, స్విచ్‌బోర్డులో షార్ట్ సర్క్యూట్ అయి మంటొచ్చి కరెంటు పోయి ఆ దెబ్బకి బాయిలర్ పాడైంది, కంపెనీ ఏమందంటే బాయిలర్ మంటలో కాలలేదుగా అని. కోర్టు ఒప్పుకోలేదు. నష్టానికి ఆఖరున దగ్గరగా ఉన్న కారణం కాదు, మొత్తం వరసని కదిలించిన అసలు కారణం ఏదో అది చూడాలంది. మీ వరస రాసుకోండి: బుడమేరుకి గండి, గోడౌన్‌లోకి నీళ్ళు, పై వరస డ్రమ్ము అడుగుకి తడి, రసాయన చర్య, వేడి, మంట. మొదటి మెట్టు వరద, వరద మీ పాలసీలో కవర్ అయిన పెరిల్. వాళ్ళ లాయర్ ఏమంటాడంటే హైడ్రోస్‌ని అంతర్జాతీయ రవాణా నిబంధనల్లో తనంతట తాను మండే వస్తువుల క్లాసులో, 4.2లో, పెట్టారు కాబట్టి ఇది స్పాంటేనియస్సే అంటాడు. దానికి జవాబు, క్లాసు అనేది వస్తువు స్వభావం చెప్తుంది, ఆ రాత్రి ఆ డ్రమ్ము ఎందుకు అంటుకుందో చెప్పదు, ఆ స్వభావమే కారణమైతే పైనున్న ఆరూ ఎందుకు కాలలేదో చెప్పమనండి.

కరెంటు వల్ల వచ్చిన మంట కాదని కూడా ఇప్పుడే తేల్చిపెట్టుకోండి. ఆ రోజుల్లో మునిగిన కాలనీలకి సరఫరా ఆపేశారు కదా, మీ ఫీడర్ ఎప్పుడు ఆపారు ఎప్పుడు ఇచ్చారు అని సీపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో అప్లికేషన్ పెట్టి కాగితం తెచ్చుకోండి. తహసీల్దార్ ఆఫీసు నుంచి ముంపు సర్టిఫికెట్, ఫైర్ స్టేషన్‌లో ఆ రాత్రి మీ కాల్ ఎంట్రీ, పక్కింటివాళ్ళు మేడ మీంచి తీసిన వీడియోలు, ఇవన్నీ. వరద వచ్చిందా లేదా అన్న దాని మీద ఎవరూ వాదించరు, ఆ సోమవారమే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి, లోకమంతా చూసింది, కానీ మీ గోడౌన్‌లో ఎంత ఎత్తు నిలిచింది అన్నది మీరే చూపించాలి. గోడ మీద బురద గీత ఇంకా ఉంటే టేపు పెట్టి ఫోటో తీసి పెట్టుకోండి, సున్నం మాత్రం వేయించొద్దు.

రెండో కారణం, ప్రపోజల్‌లో మామూలు గోడౌన్ అని ఉండటం. ఇది మీకు నిజంగా బలహీనమైన చోటు, మొహమాటం లేకుండా చెప్తున్నా. ముఖ్యమైన విషయం దాస్తే పాలసీ చెల్లకుండా చేసే హక్కు కంపెనీకి ఉంటుంది, గోడౌన్ సరుకుల్ని నాన్ హజార్డస్, కేటగిరీ 1, 2, 3 అని విడగొట్టి రేటు వెయ్యడం పాత టారిఫ్ కాలం నుంచీ ఉంది. కానీ ఆ ఫారం ఎవరు నింపారు? క్యాష్ క్రెడిట్ లిమిట్ ఇచ్చిన బ్యాంకే పాలసీ తీయించిందన్నారు కదా. మన దగ్గర జరిగేది అందరికీ తెలుసు, రెన్యువల్ రోజు అకౌంట్‌లో ప్రీమియం కట్ అవుతుంది, ఫారం ఎవరో నింపుతారు, మీరు సంతకం చేశారో లేదో మీకే గుర్తుండదు. సంతకం ఉన్న ప్రపోజల్ కాపీ ఇవ్వమని కంపెనీకీ బ్యాంకుకీ రెండిటికీ రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. ప్రతి నెలా మీరు బ్యాంకుకిచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్లలో హైడ్రోస్, బ్లీచింగ్, కాస్టిక్ అని పేరుపేరునా రాసే ఇచ్చారుగా, బ్యాంకు ఆఫీసర్ గోడౌన్ ఇన్స్పెక్షన్‌కి వచ్చి రిజిస్టర్‌లో సంతకం పెట్టాడుగా, అవి చాలా బలమైన కాగితాలు, మీరు ఎవరి దగ్గరా ఏదీ దాచలేదని చూపిస్తాయి. పాలసీ మీదే కెమికల్ ట్రేడర్స్ అనో కెమికల్స్ స్టాకు అనో ఎక్కడైనా పడి ఉంటే ఇక వాళ్ళకి తెలియదనడానికి లేదు. వాళ్ళు మరీ మొండికేస్తే, తక్కువ ప్రీమియం కట్టిన దానికి నాన్‌స్టాండర్డ్ పద్ధతిలో, అంటే కొంత కోత పెట్టి, 75 శాతం దాకా సెటిల్ చెయ్యడం అలవాటుగా ఉన్నదే, అది మీరు నోరు తెరిచి అడగొద్దు గానీ, మనసులో కింది గీతగా పెట్టుకోండి.

అసలు నాకు బాధ కలిగించింది ఇంకోటి. హైడ్రోస్ విలువ 38లో 5 లక్షలు. మిగతా 33 లక్షల్లో మంట వల్ల పోయింది పక్క బస్తాలు కొన్నే, మిగతాదంతా నీళ్ళలో నానిన సరుకు. కైకలూరు వైపు రొయ్యల చెరువులకి పోవాల్సిన బ్లీచింగ్ నీళ్ళు తగిలి క్లోరిన్ పోయి ముద్దయింది, ఫ్లేక్స్ కరిగిపోయాయి, ఇవి కాల్లేదు, వేడెక్కి చెడలేదు, మామూలు వరద నష్టం. వీటిని కూడా స్పాంటేనియస్ కంబషన్ పేరు చెప్పి ఎలా కొట్టేస్తారు? కాబట్టి మీ జవాబులో క్లెయిమ్‌ని రెండు ముక్కలు చెయ్యండి, నీళ్ళలో తడిసింది వేరే పట్టిక, మంటలో పోయింది వేరే పట్టిక. మొదటి పట్టిక మీద ఏ వివాదమూ లేదు కాబట్టి ఆ డబ్బు ముందివ్వండి అని అడగండి. ఇస్తే తీసుకోండి. వోచర్ మీద సంతకం పెడితే మిగతాది పోతుందేమో అని కంగారు పడొద్దు, డిశ్చార్జ్ వోచర్ (డబ్బు ముట్టిందని ఇచ్చే రసీదు) మీద సంతకం చేసినంత మాత్రాన ఎక్కువ అడిగే హక్కు పోదని ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2015లోనే సర్క్యులర్ ఇచ్చింది, అయినా సంతకం పక్కన "మిగతా మొత్తానికి నా హక్కు ఉంచుకుని తీసుకుంటున్నాను" అని చేత్తో రాయండి.

డబ్బు లెక్కలో కూడా పాలసీ పేరు ముఖ్యమే. ఆ రోజు స్టాకు మొత్తం విలువ 60 లక్షలు, ఇన్సూరెన్స్ 52కే. పాత పాలసీ అయితే యావరేజ్ క్లాజు (ఇన్సూరెన్స్ ఎంత తక్కువైతే క్లెయిమ్‌లో అంత కోత) వేసి 38ని 52 బై 60 చేస్తారు, దాదాపు 32.93 లక్షలు వస్తుంది. సూక్ష్మ ఉద్యమ్‌లో అయితే 15 శాతం దాకా తక్కువ ఇన్సూరెన్స్‌ని పట్టించుకోరు, మీది 13 శాతం చిల్లర, కాబట్టి కోత లేదు. 5 లక్షల తేడా. స్టాకు విలువ తేల్చేటప్పుడు కొన్న రేటు బిల్లులు, ఈ-వేబిల్లులు, ఆగస్టు స్టాక్ స్టేట్‌మెంట్, జీఎస్టీ రిటర్న్ నాలుగూ ఒకదానికొకటి కలవాలి, కలవకపోతే ఎందుకు కలవలేదో మీ ఆడిటర్ చేత ముందే రాయించండి.

ఇప్పుడు ఎక్కడికెళ్ళాలి అన్నది. ముందు కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి (ఫిర్యాదుల విభాగం) రాతపూర్వకంగా, సర్వే రిపోర్టు కాపీ కూడా అందులోనే అడగండి, అడిగితే ఇవ్వాలి. సర్వేయర్ ఏం రాశాడో చూడకుండా వాదన తయారు చెయ్యొద్దు, చాలాసార్లు సర్వేయర్ ఇవ్వమని రాస్తాడు, ఆఫీసులో కొట్టేస్తారు. ఆయన వ్యతిరేకంగా రాసినా అదే ఆఖరి మాట కాదని సుప్రీంకోర్టు 2009లోనే ప్రదీప్ కుమార్ కేసులో చెప్పింది. ఇంకోటి, లెటర్‌లో లేని కారణాన్ని తర్వాత కొత్తగా తెచ్చి పెట్టకూడదు, 2016లో గలాడా పవర్ కేసులోనూ 2019లో సౌరాష్ట్ర కెమికల్స్ కేసులోనూ కోర్టు అదే అంది. సౌరాష్ట్ర కేసు తనంతట తానే వేడెక్కిన బొగ్గు, లిగ్నైట్ నిల్వల మీదే, మీ లాయర్ తప్పకుండా చదవాలి. రేపు వాళ్ళు కొత్తగా ప్యాలెట్లు లేవు, జాగ్రత్త తీసుకోలేదు అని మొదలుపెడితే లెటర్‌లో ఆ మాట లేదని చూపించండి.

గ్రీవెన్స్‌కి 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, మీరు సొంత ప్రొప్రైటర్ కాబట్టి ఇన్సూరెన్స్ ఫిర్యాదులు విని తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు, మన రాష్ట్రానికి హైదరాబాద్ ఆఫీసే. 50 లక్షల దాకా తీసుకుంటారు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, తీర్పు మీరు ఒప్పుకుంటే కంపెనీ కట్టి తీరాలి. మీ 38 లక్షలు అందులో పడుతుంది. నా సలహా ముందు అదే. అక్కడ కాకపోతే విజయవాడ జిల్లా కన్స్యూమర్ కమిషన్, 50 లక్షల పరిమితి క్లెయిమ్‌కి కాదు, మీరు కట్టిన ప్రీమియంకి చూస్తారు కాబట్టి జిల్లాలోనే పడుతుంది. వ్యాపారస్తుడు కన్స్యూమర్ కాడు అని వాళ్ళు అభ్యంతరం పెడతారు, 2023లో హర్సోలియా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తోసేసింది, ఇన్సూరెన్స్ అనేది నష్టం పూడ్చుకోవడానికే గానీ లాభానికి కాదని. కన్స్యూమర్ చట్టంలో గడువు రెండేళ్ళు, కానీ పాత ఫైర్ పాలసీలో క్లెయిమ్ కాదన్న రోజు నుంచి 12 నెలల్లో కోర్టుకెళ్ళకపోతే వదిలేసినట్టే అనే షరతు ఉంటుంది, దాని మీద వాదనలున్నా ఆ గొడవ మీకెందుకు, లెటర్ తేదీ నుంచి 12 నెలలు అనే లెక్క పెట్టుకుని పని చెయ్యండి. అంబుడ్స్‌మన్ దగ్గర నెలలు గడుస్తుంటే ఆ తేదీ మర్చిపోవద్దు.

ఈ వారంలో మూడు పనులు చెయ్యండి. పాలసీ మొదటి పేజీ ఫోటో తీసి నాకు పంపండి, ఏ పాలసీయో చూసి చెప్తా. ఆ ఆరు డ్రమ్ముల లెక్క సరిచేస్తూ కంపెనీకి లెటర్ పెట్టండి. మంగళగిరి వెళ్ళి ఆ అద్దకం ఆయన్ని స్వయంగా కలవండి, ఫోనులో అడిగితే ఎందుకొచ్చిన గొడవ అని తప్పుకుంటారు. వాళ్ళ షెడ్డులో ఖాళీ డ్రమ్ము ఒక్కటైనా నీళ్ళు పట్టుకోవడానికి వాడుతూ ఉంటారు, బ్యాచ్ స్టిక్కర్ దాని మీదే ఉంటుంది, అడిగి తెచ్చుకోండి.